పడని గోల్

ఇష్టమైన హాకీ ఆటగాడెవరని అడిగితే అమిత్ రోహిదాస్ అంటాను. అడిగినవాళ్లు మర్యాదకి తలూపుతారు. కాస్త ఆట చూసేవాళ్లయితే “ప్యారిస్‌లో రెడ్ కార్డ్ తిన్నాడు, అతనే కదండీ” అంటారు. హర్మన్‌ప్రీత్ పేరు చెబితే గోల్స్ గుర్తొస్తాయి. గోల్‌కీపర్ శ్రీజేష్ అంటే గోల్‌పోస్టు మీదికెక్కి కూర్చున్న ఫొటో గుర్తొస్తుంది. మా సికింద్రాబాద్ ముకేశ్ కుమార్ అంటే మూడు ఒలింపిక్స్, పద్మశ్రీ. రోహిదాస్ గురించి చెప్పాలంటే జరగనివాటి గురించి చెప్పాలి. చిక్కంతా అక్కడే. జరగనిదాన్ని చూపించి “ఇదిగో, ఇది ఇతను చేసిందే” అనడం ఎలా?

ఇది ఒక్క హాకీ చిక్కే అయితే ఇంత రాయక్కర్లేదు. మన శాస్త్రాలవాళ్లు దీనిమీద కొన్ని వందల ఏళ్లు వాదించుకున్నారు.

నేను రైల్వేలో, పర్మనెంట్ వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. వయసులో ఉన్నప్పుడు డివిజన్ జట్టుకి ఫుల్‌బ్యాక్ ఆడాను, ఎవరూ గుర్తుపెట్టుకునేంత గొప్పగా కాదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు కాలనీ గుడి మండపంలో శాస్త్రిగారి దగ్గర తర్కసంగ్రహం చదువుకుంటున్నాం, నలుగురైదుగురం. అది రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దంవాడు, మన తెలుగువాడే. పిల్లలకి సులువుగా తెలియడం కోసం రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. మా పిల్లల జట్టులో షుగరూ బీపీ లేనివాణ్ని నేనొక్కణ్నే.

లోకంలో ఉన్నవాటన్నిటినీ ఆయన ఏడు పదార్థాల కింద సర్దేస్తాడు. ద్రవ్యంతో మొదలుపెడితే ఏడోది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే అన్నమాట. నేల మీద కుండ లేదు అన్నప్పుడు ఆ లేకపోవడం ఉత్త మాట కాదు, నేల ఎంత నిజమో అదీ అంత నిజం. ఆ పాఠం జరుగుతున్నంతసేపూ నా బుర్రలో కుండ బదులు గోల్ తిరుగుతూ ఉంది.

పెనాల్టీ కార్నర్ ఎప్పుడైనా నిదానంగా చూశారా? కాపాడుకునే జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గీత వెనక ఉండాలి. తక్కినవాళ్లంతా సెంటర్ లైన్ అవతలికి పోవాలి. ఈ ఐదుగురిలో కీపర్ కానివాళ్లు గబగబా ఫేస్ మాస్కులు తగిలించుకుంటారు, మోకాళ్లకి గార్డులు బిగిస్తారు, చేతికి గ్లవ్స్ ఎక్కిస్తారు. అందులో ఒకడు మాత్రం ఒంగి, ఇంజెక్టర్ చేతులవంకే చూస్తూ ఉంటాడు. ఇంజెక్టర్ గోల్‌పోస్టుకి కనీసం 10 మీటర్ల అవతల బ్యాక్‌లైన్ మీద నుంచి బంతిని నెడతాడు. గోల్ ముందు గీసిన ‘డి’ బయట ఒకడు దాన్ని ఆపి పెడతాడు. డ్రాగ్ ఫ్లిక్కర్ వచ్చి బంతిని కర్రకి అంటించుకుని ఈడ్చి విసురుతాడు. డి గీత గోల్‌కి 14.63 మీటర్లు. ఫ్లిక్ వేగం గంటకి 100 కిలోమీటర్లు దాటేస్తుంది. మామూలుగా కర్రెత్తి కొట్టే మొదటి షాటైతే 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. ఫ్లిక్‌కి ఆ అడ్డు లేదు, మొహం మీదికైనా రావచ్చు. బంతి కదిలిన మరుక్షణం ఆ ఒంగి ఉన్నవాడు లేచి ఫ్లిక్కర్ మీదికి తిన్నగా పరిగెడతాడు. బంతి దారిలోకి, తగిలితే తగలనిమ్మని. అతన్నే ఫస్ట్ రషర్ అంటారు. చాలా ఏళ్లుగా మన జట్టులో ఆ పని ఒడిశావాడు రోహిదాస్‌ది.

రషర్ పని బంతిని ఒంటితోనో కర్రతోనో ఆపడం అనుకుంటారు. ఆపితే మంచిదే. అసలు పని ఒకవైపు మూసెయ్యడం. ఏ దారిన పరిగెత్తాలో కీపర్, అతనూ ముందే అనుకుని ఉంటారు. అతను ఒకవైపు మూస్తే ఫ్లిక్కర్‌కి రెండోవైపే మిగులుతుంది, కీపర్ దాన్ని చూసుకుంటాడు. బంతి రషర్‌ని తాకకుండా పక్కనుంచి పోయి శ్రీజేష్ ప్యాడ్‌కి తగిలిందంటే అందులో రషర్ వాటా ఉంది. స్కోరు కాగితంలో ఆ వాటాకి గడి లేదు.

2021 ఆగస్టు 5, టోక్యో. కంచు పతకం కోసం జర్మనీతో ఆట. మనవాళ్లు 1-3తో వెనకబడి, ఎగబాకి 5-4 చేశారు. ఇక ఏడు సెకన్లు కూడా లేవనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. విండ్‌ఫెడర్ ఫ్లిక్ చేశాడు, శ్రీజేష్ ఆపాడు, 41 ఏళ్ల తరవాత మనకి హాకీలో ఒలింపిక్ పతకం. మర్నాడు పేపర్లనిండా శ్రీజేష్. ఉండాల్సిందే, ఆ మనిషికి ఎంత రాసినా తక్కువే. రెండు గోల్స్ కొట్టిన సిమ్రన్‌జీత్ గురించీ రాశారు. అతనికి మొదట 16 మంది జట్టులో చోటే లేదు. కొవిడ్ వల్ల రూలు సడలించి అదనపు ఆటగాళ్లని కూడా ఆడనిస్తే వచ్చినవాడు. ఆ మ్యాచ్‌లో జర్మనీకి కార్నర్ మీద కార్నర్ వచ్చింది, వాటి మీద వాళ్లు కొట్టగలిగింది ఒక్కటే గోల్. తక్కినవి ఏమయ్యాయి? పడలేదు. ఎందుకు పడలేదు అని అడగడానికి ఎవరికీ తోచదు. పడినదానికైతే కొట్టినవాడి పేరూ, నిమిషమూ రాసి పెట్టుకుంటాం.

మా పర్మనెంట్ వేలో కీమేన్ ఉండేవాడు. సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని తన బీట్ కొసకంటా నడిచి, వదులైన కీలు బిగించి, పగుళ్లున్నాయేమో చూసి రావాలి. రోజూ. అతను బిగించిన పట్టాల మీద వేలమంది పడుకుని నిద్రపోతూ వెళతారు. నేను ఆఫీసులో కూర్చుని చేసిన ఉద్యోగంలో కీమేన్ పేరు కాగితం మీద కనబడేది రెండే చోట్ల: జీతాల షీటులో, ఏదైనా జరిగితే ఎంక్వయిరీలో.

మీమాంసకులకి ఇలాంటి పని ఎప్పటినుంచో తెలుసు. కర్మల్లో కామ్యం ఒకటి, నిత్యం ఒకటి. స్వర్గం కావాలనుకున్నవాడు జ్యోతిష్టోమం చేస్తాడు, అది కామ్యం, దానికి ఫలం ఉంది. సంధ్యావందనం నిత్యం. చేసినందుకు ప్రత్యేకంగా ఒరిగేది లేదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే పాపం, చుట్టుకుంటుంది. మరి ఏమీ రానిదాన్ని ఎందుకు చెయ్యాలయ్యా అంటే ఒక చక్కని జవాబు చెప్పారు. రాకూడనిది ఇంకా రాలేదు. ఆ రాకపోవడాన్ని అలాగే నిలబెట్టుకోవడానికి చెయ్యాలి. దానికి ప్రాగభావ పరిపాలన అని పేరు పెట్టారు. నాకు ఇది వినగానే ఫస్ట్ రషర్ కళ్లముందు మెదిలాడు. ఫార్వర్డ్ చేసేది కామ్యకర్మ, గోల్ అనే ఫలం చేతికొస్తుంది. రషర్‌ది నిత్యకర్మ. బాగా చేస్తే స్కోరు ఎంత ఉందో అంతే ఉంటుంది.

పాఠం అయ్యాక ఈ మాట శాస్త్రిగారితో అన్నాను. ఆయనకి హాకీ తెలియదు, తర్కం ఎక్కడ దొరికినా వదలరు.

“బాగానే ఉందయ్యా. కానీ ప్రాగభావం అంటే ఏమిటి? పుట్టబోయే వస్తువుకి పుట్టకముందు ఉండే లేమి. నీ గోల్ పుట్టనేలేదుగా? ఎన్నటికీ పుట్టనిదానికి ప్రాగభావం ఎక్కడిది? అత్యంతాభావం అనాలి. అది నిత్యం. ఎప్పుడూ ఉండేదాన్ని మీ ఒడిశా కుర్రాడు కొత్తగా తెచ్చిందేమిటి?”

“అయితే అతను పరిగెత్తకపోయినా గోల్ పడేది కాదంటారా గురువుగారూ?”

“నేనా మాట అనలేదే. నీ లెక్క తేలలేదన్నాను.”

తేలని మాట నిజమే. శంకరులంతటివారు కూడా ఈ చోట ఆగి, చెయ్యకపోవడం అనే అభావం నుంచి పాపం అనే భావం ఎలా పుడుతుందని నిలదీశారు. లేనిదానికి కారణం చెప్పడం పెద్దవాళ్లకే కష్టం. కానీ నాకు కావలసింది కారణం కన్నా తెలుసుకునే దారి. లేనిదాన్ని ఎలా తెలుసుకుంటాం? దీనికి కుమారిలభట్టు వర్గం అనుపలబ్ధి అని వేరే ప్రమాణాన్నే ఒప్పుకుంది. అద్వైతులూ ఒప్పుకున్నారు. అక్కర్లేదు, కంటితోనే తెలుస్తుందని నైయాయికులు. వాళ్ల గొడవ ఎలా ఉన్నా ఒక షరతు దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడి తీరాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదు. చీకటిగదిలో కనబడలేదంటే ఏమీ తేలదు.

నేను ఆటకి తెచ్చుకున్నది ఈ షరతునే. పడని గోల్ ఎవరికి కనబడుతుంది? “ఇప్పుడు పడాలి” అని ముందే తెలిసినవాడికి. టోక్యోలో చివరి కార్నర్ దగ్గర దేశమంతా ఊపిరి బిగబట్టింది కాబట్టి పడకపోవడం అందరికీ కనబడింది. అదే రెండో క్వార్టర్‌లో, కుడివైపు నుంచి డిలోకి ఒక పాస్ రావలసి ఉంటుంది. రోహిదాస్ రెండడుగులు ముందే పక్కకి జరిగి నిలబడతాడు. ఎదుటివాడు పాస్ ఇవ్వకుండా వెనక్కి తిరిగిపోతాడు. టీవీలో కామెంటేటర్ ఆ టైములో స్పాన్సర్ పేరు చదువుతుంటాడు. అక్కడ ఒక గోల్ లేదు అని తెలియాలంటే దాన్ని అక్కడ ఊహించగల కన్ను ఉండాలి. ఆ గది మన కంటికి చీకటి, ఆట తెలిసినవాడికి వెలుతురు. అభిమాని అంటే నా లెక్కలో జెండా ఊపేవాడు కాదు, ఈ కన్ను ఉన్నవాడు.

ఈ కన్ను లేనప్పుడు ఏమవుతుందో 2024లో, ప్యారిస్ ఒలింపిక్స్‌లో చూశాం. ఆగస్టు 4, ఆదివారం, బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలైంది. ఇంట్లో భోజనాలు ఇంకా సగంలో ఉన్నాయి. 17వ నిమిషంలో మిడ్‌ఫీల్డ్‌లో బంతి తీసుకుని పోతుంటే రోహిదాస్ కర్ర పైకి లేచి వాళ్ల కాల్నన్ మొహానికి తగిలింది. వీడియో చూసి రెడ్ కార్డ్ ఇచ్చారు. మా తమ్ముడి కొడుకు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, “పెదనాన్నా, నీవాడే ముంచాడు” అన్నాడు. మిగతా నలభై నిమిషాల పైన పదిమందితో ఆడారు. హర్మన్‌ప్రీత్ గోల్, వాళ్ల మోర్టన్ గోల్, 1-1. షూటౌట్‌లో 4-2తో గెలిచాం. కావాలని కొట్టాడా లేదా అన్నది నేను తేల్చను. నా కంటికి కావాలని కొట్టినట్టు లేదు, కానీ నా కన్ను పక్షపాతి. ఒక మ్యాచ్ నిషేధం పడింది, అప్పీలు పనిచెయ్యలేదు. అతను లేకుండా సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 3-2తో ఓడాం. కంచు పతకం మ్యాచ్‌కి తిరిగొచ్చాడు, స్పెయిన్ మీద 2-1తో గెలిచాం.

మావాడి మాటలో “నీవాడే” అన్నది చూడండి. అంతకుముందు ఎన్ని మ్యాచ్‌ల్లో ఎన్ని కార్నర్లకి లేచి పరిగెత్తినా అతను ఎవరివాడూ కాడు. తప్పు జరిగిన నిమిషంలో ఊరూ పేరూ వచ్చాయి. ప్రత్యవాయం అంటే ఇదే కాబోలు. దానికైతే వెంటనే చిరునామా దొరుకుతుంది.

ఇంకో తమాషా. 2023 ప్రపంచకప్‌లో రూర్కెలాలో స్పెయిన్ మీద మన మొదటి గోల్ కొట్టింది రోహిదాసే. రూర్కెలా అతని సొంత జిల్లాలోదే. సుందర్‌గఢ్ జిల్లాలోని సౌనామరా ఊరు అతనిది. పాత డిఫెండర్ దిలీప్ తిర్కీదీ అదే ఊరు. ఆ రోజు పేపర్లో అతని ఫొటో పడింది. డిఫెండర్‌గా పేరు రావాలంటే డిఫెండర్ పని కానిదేదో చెయ్యాలి కాబోలు.

ఇలాంటి సంగతి ఎత్తితే మనవాళ్ల దగ్గర ఒక మందు సిద్ధంగా ఉంటుంది. గీత. పని చెయ్యి, ఫలం ఆశించకు. పేరు కోసం ఏడవకూడదు, నిష్కామంగా చెయ్యాలి అంటారు. వినడానికి బాగుంటుంది. అయితే కృష్ణుడు ఆ మాట ఎవరితో అన్నాడు? బాణం వెయ్యాల్సిన అర్జునుడితో. అర్జునుడు వేసిన బాణాలవల్ల రాజ్యం అనుభవించబోయే ధర్మరాజుని పిలిచి “నీ తమ్ముడు ఫలం ఆశించకూడదు గనక నువ్వు అతని ఊసెత్తనక్కర్లేదు” అని చెప్పలేదు. ఫలం మీద ఆశ వదులుకోవడం చేసినవాడి సాధన. దాన్ని చూపించి పుచ్చుకున్నవాడు బాకీ ఎగ్గొట్టకూడదు. మా ఆఫీసులోనూ చూశాను. జీతం పెంచమని అడిగితే గీత వినిపించిన అధికారి తన ప్రమోషన్ ఆలస్యమైతే మాత్రం శ్లోకం మరిచిపోయేవాడు. మన సంప్రదాయంలో మనిషి పుడుతూనే దేవఋణం, ఋషిఋణం, పితృఋణం నెత్తిన వేసుకుని పుడతాడు. అప్పు ఇచ్చినవాళ్లు వచ్చి అడగరు. అడగలేదు కదా అని అప్పు తీరిపోదు.

మా అమ్మ పాడే ఊర్మిళాదేవి నిద్ర పాట ఇక్కడ గుర్తొస్తోంది. వాల్మీకి ఊర్మిళని పెళ్లి దగ్గర పలకరించి తరవాత దాదాపు వదిలేశాడు. అన్నగారి వెంట వెళ్లిన లక్ష్మణుడు పద్నాలుగేళ్లు రెప్ప వెయ్యకపోతే ఆ నిద్రంతా ఇంట్లో ఈమె నిద్రపోయిందని మన ఆడవాళ్లు కట్టుకున్నారు, పాడుకున్నారు. రామాయణంలో ఈమె లేకపోవడం పండితులకి పట్టలేదు. ఎవరికి పట్టింది? మొగుడు దూరాన ఉంటే ఇల్లు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లకి. ఇక్కడ ఒక మనిషి ఉండాలే, ఏదీ అని వాళ్లే వెతికారు. తర్కం చదివి వెతకలేదు, ఆ చోటు తమకి తెలిసింది కనక వెతికారు. నేను ఫుల్‌బ్యాక్ ఆడకపోయి ఉంటే రోహిదాస్ నా కంటపడేవాడా అంటే అనుమానమే.

ఇందులో నా అహంకారమూ కొంత ఉంది, దాచడమెందుకు. అందరూ హర్మన్‌ప్రీత్ అంటుంటే నేను రోహిదాస్ అనడంలో “మీకు కనబడనిది నాకు కనబడింది” అనే మిడిసిపాటు ఉంటుంది. ఒకరికి పేరు లేకపోవడమే మనకి నచ్చడం మొదలైతే రేపు అతనికి పేరొస్తే ఏం చేస్తాం? ఇంకొకణ్ని వెతుక్కుంటాం. అలాంటివాళ్లని చూశాను. ప్యారిస్ తరవాత నలుగురికీ రోహిదాస్ తెలిశాడని చప్పున మనసు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మనిషిని మెచ్చుకోవడం వేరు, మన చూపుని మనమే మెచ్చుకోవడం వేరు. రెండూ కలిసిపోయి ఉన్నప్పుడు విడదీయడం నాకూ చేతకాదు. అయినా అసలు చూడకపోవడం కన్నా గర్వంతో చూడడం నయమనే నా ఉద్దేశం.

వీటన్నిటినీ మించి నన్ను తికమక పెట్టేది మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని. వడ్రంగి కూతురు. ఏళ్ల తరబడి భారత జట్టుతో ఉన్న గోల్‌కీపర్. టోక్యోకి రిజర్వ్ కీపర్‌గా వెళ్లింది. గోల్‌లో సవితా పూనియా నిలబడింది, అద్భుతంగా నిలబడింది. ఆస్ట్రేలియాని 1-0తో ఓడించి మన అమ్మాయిలు సెమీస్‌కి వెళ్లారు, చివరికి నాలుగోస్థానం. రోహిదాస్‌కి కనీసం పరుగైనా ఉంది, ఫ్లిక్కర్ మీదికి వెళ్లే రెండు క్షణాలున్నాయి. రిజర్వ్ కీపర్‌కి అదీ లేదు. రోజూ ప్రాక్టీసులో అన్ని కిలోల ప్యాడ్లు కట్టుకుని తోటివాళ్ల ఫ్లిక్‌లు ఒంటి మీద వేయించుకోవాలి. ఆ దెబ్బల్లోనే ఫ్లిక్కర్లు పదునెక్కుతారు. మ్యాచ్ రోజు బయట కూర్చోవాలి. పడని గోల్‌లో కూడా ఆమెకి వాటా రాయలేం.

ఆమె తిరిగొచ్చాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నగదు, ఇంటి స్థలం ప్రకటించింది. మా పాఠం జట్టులోనే ఒకాయన, కరెంటాఫీసులో రిటైరైనవాడు, “ఒక్క మ్యాచైనా ఆడని మనిషికి అంత ఎందుకండీ?” అన్నాడు. ఆయన పనిచేసిన సబ్‌స్టేషన్‌లో రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పెట్టారని అడిగాను. అది యంత్రం, ఇది మనిషి అన్నాడు. అందుకే స్థలం ఇచ్చారు అన్నాను. శాస్త్రిగారు ఇద్దరి మాటా విని, రజనిది ఏ రకం అభావమో వచ్చే వారం రాసుకుని రమ్మన్నారు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, నేనింకా రాయలేదు.